సోమశిల – శ్రీశైలం లాంచీ ప్రయాణం: సన్నాహం, భద్రత, ఆరోగ్యం, కాలక్షేపం

సోమశిల – శ్రీశైలం లాంచీ ప్రయాణం తెలంగాణలో కృష్ణానది మీద సాగే ఒక రోజు విహారం. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్న కొల్లాపూర్ నుంచి సోమశిల రేవు పది కిలోమీటర్లు కూడా ఉండదు. అక్కడ పొద్దున ఎక్కినవాళ్లు నల్లమల కొండల సందుల్లోంచి సాగి, ఆరేడు గంటలకు శ్రీశైలం పాతాళగంగ దగ్గర దిగుతారు. తెలంగాణ పర్యాటకాభివృద్ధి సంస్థ దీన్ని నడుపుతోంది. మధ్యలో కొన్నాళ్లు ఆగుతూ సాగిన ఈ సర్వీసును 2024 నవంబరులో నాగార్జునసాగర్ – శ్రీశైలం సర్వీసుతో పాటు మళ్లీ మొదలుపెట్టారు. ఈ రెండింటినీ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది. సాగర్ నుంచి వచ్చే లాంచీ శ్రీశైలం ఆనకట్ట కింది వైపు లింగాలగట్టు దగ్గర ఆగుతుంది. సోమశిల లాంచీ ఆనకట్ట పై వైపున ఉండిపోతుంది. మధ్యలో ఆనకట్ట అడ్డం కాబట్టి ఒకదాని నీళ్లలోకి ఇంకొకటి రాలేదు. టికెట్ తీసుకునేముందే ఈ తేడా తెలుసుకోవడం మంచిది.

వారం రోజులు సముద్రం మీద తిరిగే క్రూయిజ్ ఓడల పక్కన ఇది చిన్న ప్రయాణమే. కానీ బయల్దేరాక మధ్యలో దిగిపోయే వీలుండదు. దారి పొడవునా ఒడ్డున ఉన్నది అడవి, ఆస్పత్రి ఉన్న ఊరు కాదు. నీళ్లు కూడా నెలకో తీరుగా ఉంటాయి. అందుకే బ్యాగులో ఏం సర్దుకోవాలన్నది చివర తేలాల్సిన ప్రశ్న. జలాశయంలో నీళ్లెంత ఉన్నాయి, పడవ ఎలాంటిది, ఒంటి మీదికి లైఫ్ జాకెట్టు వస్తుందా లేదా అన్నవి ముందు తేలాలి.

నీళ్ల సంగతి

శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో శంకుస్థాపన జరిగింది. పూర్తిస్థాయి నీటిమట్టం 885 అడుగులు. మొదట 308 టీఎంసీలు పట్టేలా కట్టిన ఈ జలాశయంలో పూడిక చేరి ఇప్పుడు పట్టేది 215 టీఎంసీల చిల్లరే. జూరాల నుంచి కృష్ణ వరద, సుంకేశుల మీదుగా తుంగభద్ర వరద జులై, ఆగస్టుల్లో వచ్చి చేరతాయి. మంచి వానలు పడిన ఏడాది ఆగస్టు, సెప్టెంబరు నాటికి జలాశయం నిండుతుంది. ఆ తర్వాత కరెంటు ఉత్పత్తికి, కాలువలకు, ఎత్తిపోతలకు నీళ్లు తోడేస్తుంటే మట్టం తగ్గుతూ వస్తుంది. వేసవికి సోమశిల దగ్గర నది చాలా దూరం వెనక్కి వెళ్లిపోతుంది.

లాంచీ తిరగడానికి ఈ లెక్కే ఆధారం. నీళ్లు తగ్గితే పెద్ద పడవ రేవుకు రాలేదు. గేట్లెత్తేంత వరద ఉన్నప్పుడు ప్రవాహం జోరు మీద ఉంటుంది కాబట్టి సర్వీసు ఆపేస్తారు. ఎక్కువ మందికి అనువైన కాలం అక్టోబరు నుంచి జనవరి దాకా. డిసెంబరులో పొద్దుటి మంచు వల్ల బయల్దేరడం ఆలస్యం కావచ్చు. సెలవు పెట్టి, బంధువులందరినీ కూడగట్టి, తీరా రేవుకు వచ్చాక లాంచీ లేదని తెలిసి తిరిగిపోయే కుటుంబాలు ఉంటూనే ఉంటాయి. ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం పర్యాటక సంస్థ కార్యాలయానికి ఒక ఫోన్ చేస్తే ఆ బాధ తప్పుతుంది. శ్రీశైలం నీటిమట్టం వానాకాలమంతా పేపర్లలో రోజూ వస్తుంది, దాన్ని చూసే అలవాటున్నవాళ్లకు ఫోన్ కూడా అక్కర్లేదు.

ఈ నీటి అడుగున ఊళ్లున్నాయి. ప్రాజెక్టు కింద ఇటు మహబూబ్‌నగర్, అటు కర్నూలు జిల్లాల్లో వంద దాకా గ్రామాలు మునిగాయి. 1981లో ఊళ్లను ఖాళీ చేయించిన తీరును ఈ ప్రాంతం మరిచిపోలేదు. ముంపు కుటుంబాలకు ఉద్యోగాలివ్వాలన్న 98 జీవో మాట కొల్లాపూర్ రాజకీయాల్లో ఎన్నికలొచ్చినప్పుడల్లా వినిపిస్తుంది. సురభి వంశపు రాజులు ఏలిన జటప్రోలు సంస్థానపు గుళ్లను, సోమశిల గుళ్లను రాయి రాయి విప్పి ఎత్తు మీదికి తరలించి మళ్లీ కట్టారు. తరలించనివి నీళ్లలోనే ఉన్నాయి. అవతలి ఒడ్డున, నంద్యాల జిల్లాలోని సంగమేశ్వరం గుడి ఏడాదిలో ఎక్కువ నెలలు మునిగే ఉంటుంది, నీళ్లు తగ్గిన వేసవిలో మాత్రం బయటపడుతుంది. అక్కడి వేపదారు శివలింగాన్ని చూడాలంటే లాంచీ తిరగని కాలంలోనే రావాలి. ఒకే ప్రయాణంలో నిండు కృష్ణనూ సంగమేశ్వరుణ్నీ చూడటం కుదరదు, ఏదో ఒకటి ఎంచుకోవాల్సిందే.

పడవ, జాకెట్టు

ఈ రేవులో లాంచీ కొత్తగా వచ్చింది కానీ పడవ ప్రయాణం కొత్తది కాదు. వెదురు అల్లి, ఒకప్పుడు తోలు, ఇప్పుడు తారు పూసిన పట్టా కప్పిన గుండ్రటి పుట్టి ఈ ఒడ్డు జాలర్ల పనిముట్టు. పుట్టికి ముందూ వెనకా ఉండవు, తెడ్డు వేసే మనిషి ఎటు తిప్పితే అటే ముందు. మరబోట్లు వచ్చాక మనుషులతో పాటు మోటార్ సైకిళ్లు కూడా ఎక్కించి ఇవతల సోమశిల నుంచి అవతల సిద్ధేశ్వరం వైపు దాటించడం మామూలైంది. రోడ్డు మీద వెళ్లాలంటే కర్నూలు మీదుగా చుట్టు తిరగాలి. కళ్లెదుట కనపడే ఒడ్డుకు అంత దూరం ఎవరు పోతారు?

అలాంటి దాటుడులోనే 2007 జనవరిలో ఘోరం జరిగింది. సంక్రాంతి తర్వాత కొల్లాపూర్ దగ్గర సింగోటం లక్ష్మీనరసింహస్వామి జాతర జరుగుతుంది. ఆ జాతర కోసం కర్నూలు జిల్లా నెహ్రూనగర్ రేవు నుంచి ఇవతలి మంచాలకట్టకు వస్తున్న పడవ, మోయగలిగినదానికి మించి జనం ఎక్కడంతో నది మధ్య మునిగింది. అరవై మంది దాకా చనిపోయారు. సోమశిల దగ్గర వంతెన కావాలన్న కోరిక గట్టిగా వినపడటం మొదలైంది అప్పటి నుంచే.

పడవ ప్రమాదాలు అక్కడితో ఆగలేదు. 2017 నవంబరు 12న విజయవాడ పక్కన పవిత్ర సంగమం వద్ద అనుమతి లేని ప్రైవేటు పడవ తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో పాపికొండలకు బయల్దేరిన రాయల్ వశిష్ఠ కచ్చులూరు దగ్గర మునిగింది. అందులో డెబ్భై మందికి పైగా ఉన్నారు, ఇరవై ఆరుగురు బతికారు. ఒంటి మీద ఉన్న జాకెట్లు, చిన్న పడవలేసుకుని పరుగున వచ్చిన ఒడ్డు గ్రామాల జనం వాళ్లను కాపాడాయి. మునిగిన లాంచీని కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం నెల దాటాక, అక్టోబరు 22న బయటికి లాగింది. లాంచీ మునిగిన రోజు గోదావరి వరద లక్షల క్యూసెక్కుల్లో ఉంది. లాంచీ బయల్దేరకుండా ఉండాల్సిన రోజది.

ఈ మూడు దుర్ఘటనలనూ పక్కపక్కన పెడితే కారణాలు ఎంతో దూరంలో లేవు: మోయలేనంత జనం, అనుమతి లేని పడవ, వెళ్లకూడని నీళ్లు. వీటిలో ప్రయాణికుడు తన కళ్లతో చూసి పోల్చుకోగలిగినవి ఉన్నాయి. ఎంతమంది ఎక్కవచ్చో పడవ మీద రాసి ఉండాలి. ఎక్కేవాళ్ల పేర్లు రేవులో రాసుకోవాలి. పేరు రాయమంటే విసుక్కునేవాళ్లు ఉంటారు కానీ, ప్రమాదం జరిగినప్పుడు వెతకాల్సింది ఎంతమందినో తెలిసేది ఆ కాగితం వల్లే. పర్యాటక సంస్థ లాంచీలో సీట్లు లేవంటే, పక్కనే ఉన్న మరబోటు మనిషి తక్కువకు తీసుకుపోతానంటే, ఆ బేరం ఒప్పుకోకపోవడమే తెలివి.

జాకెట్టు చేతికివ్వగానే పని అయిపోదు. పట్టీలన్నీ బిగించుకుని చేతులు పైకెత్తాలి. పక్కవాళ్లు భుజాల దగ్గర పట్టి పైకి లాగితే అది గడ్డం దాటి జారిపోకూడదు. జారిందంటే నీళ్లలో మనిషి కిందికి పోతాడు, జాకెట్టు పైకి తేలుతుంది. పిల్లలకు పెద్దల జాకెట్టు వేయడం వేయకపోవడంతో సమానం. వాళ్ల కొలతది, కాళ్ల సందులోంచి పట్టీ వచ్చేది అడిగి తీసుకోవాలి. చీర కొంగు, దుపట్టా జాకెట్టు లోపలికి దోపుకోవాలి. ఉక్కపోస్తోందని, అన్నం తినాలని, ఫొటోలో బాగుండదని విప్పేయడం మన లాంచీల్లో మామూలు దృశ్యం. సిబ్బంది పదేపదే చెప్పినా ఇంటి పెద్దే విప్పి పక్కన పెడితే పిల్లలు వేసుకోరు.

ఇంకో సంగతి చాలామందికి తోచదు. లాంచీలో బరువు కిందున్నంతసేపు అది నిలకడగా ఉంటుంది. జనమంతా పై డెక్కుకు ఎక్కితే బరువు పైకి చేరి పడవ ఊగడం ఎక్కువవుతుంది. గైడు అదిగో మొసలి అనగానే అందరూ ఒక వైపుకు ఉరికితే ఆ వైపు ఒరుగుతుంది. శ్రీశైలం జలాశయంలో మొసళ్లు నిజంగానే ఉన్నాయి. కూర్చున్నచోటి నుంచి చూసినా అవి కనపడతాయి. నీళ్లు తగ్గే నెలల్లో మునిగిన మోడులు, బండలు పైకొస్తాయి, జాలర్ల నైలాన్ వలలు ఇంజను రెక్కకు చుట్టుకుంటాయి. ఈ దారి తెలిసిన డ్రైవరు నెమ్మదిగా పోతున్నాడంటే దానికి కారణం ఉంటుంది, తొందరపెట్టకూడదు.

ఆరోగ్యం

జలాశయం మీద సముద్రమంత ఊపు ఉండదు. గాలి వీచిన మధ్యాహ్నాల్లో మాత్రం కొండల సందున అలలు లేస్తాయి. బస్సులో వాంతులయ్యేవాళ్లకు లాంచీలో కూడా అవుతాయి. అలాంటివాళ్లు అవోమిన్ వంటి మాత్రను డాక్టరును అడిగి ప్రయాణానికి గంట ముందు వేసుకోవాలి, ఎక్కాక వేసుకుంటే ఆలస్యమైనట్టే. కింది డెక్కులో నడిమి సీటు ఎంచుకుని ఫోను పక్కన పెట్టి దూరంగా కొండ వైపు చూస్తుంటే చాలావరకు తగ్గుతుంది. ఏమీ తినకుండా రావడం, పూరీలు కడుపునిండా తిని రావడం రెండూ చెరుపే.

ఎక్కువమందిని దెబ్బతీసేది ఎండ. నీటి మీద గాలి చల్లగా తగులుతుంటే ఎండ తెలియదు, కింది నీళ్ల నుంచి కూడా వెలుతురు తిరిగి కొడుతుంది. సాయంత్రానికి మెడ, ముక్కు కమిలిపోయాక తెలుస్తుంది. టోపీయో తలగుడ్డో, నిండు చేతుల బట్టలు చాలు. మూత్రానికి వెళ్లాల్సొస్తుందని ఆడవాళ్లు నీళ్లు తాగకుండా కూర్చోవడం ఈ ప్రయాణాల్లో తరచూ చూసేదే. లాంచీలో మరుగుదొడ్డి ఉంటుందా, ఎలా ఉంది అన్నది టికెట్ తీసుకునేటప్పుడే అడిగితే సిగ్గుపడాల్సిందేమీ లేదు. జలాశయపు నీళ్లు చూడటానికి తేటగా ఉన్నా తాగకూడదు.

షుగరు, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు రెండు రోజుల మాత్రలు చేతి సంచిలోనే ఉంచుకోవాలి. ఒక రోజుదే తెచ్చుకుంటే శ్రీశైలంలో రాత్రి ఆగాల్సొచ్చినప్పుడు చిక్కు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు లాంచీలో భోజనం ఎన్నింటికో అడిగి, ఆ వేళ దాటితే తినడానికి తమదంటూ ఒక సద్ది మూట పెట్టుకోవాలి. నెలలు నిండుతున్న గర్భిణులు, ఈమధ్యే గుండెనొప్పి వచ్చినవాళ్లు ఈ దారి మానుకోవడం మేలు. నడుమ ఎవరికైనా ప్రాణం మీదికొస్తే 108 రావాల్సింది ఒడ్డుకు, ఆ ఒడ్డు గంటల దూరంలో ఉండవచ్చు. అడవిలో చాలాచోట్ల ఫోను సిగ్నల్ ఉండదు. ఎన్నింటికి దిగుతామో ఇంట్లో చెప్పి రావాలి.

నీళ్లలో మునిగి పైకి తీసిన మనిషి విషయంలో మన ఊళ్లలో పాత అలవాటొకటి ఉంది. తలకిందులు చేసి తిప్పడం, పొట్ట మీద నొక్కి నీళ్లు కక్కించడం. దీనివల్ల విలువైన నిమిషాలు పోతాయి, కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ ఉంది. ఊపిరి ఆడకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి నోటితో ఊపిరి ఊదాలి. ఆ తర్వాత రొమ్ము మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో గట్టిగా నొక్కుతూ, ముప్ఫై నొక్కులకు రెండు సార్లు మళ్లీ ఊపిరి ఇవ్వాలి. దీన్ని సీపీఆర్ అంటారు. ప్రయాణానికి ముందు ఇంట్లో ఒకరైనా నేర్చుకుని ఉంటే, మందుల పెట్టె మోసుకెళ్లడం కన్నా పనికొస్తుంది.

లాంచీలో కాలక్షేపం

ఆరేడు గంటలు ఏం చేయాలన్న బెంగతో లాంచీవాళ్లు పాటలు పెడతారు, ఆడించి పాడిస్తారు. కుటుంబాలతో, కాలేజీ పిల్లలతో నిండిన రోజున ఈ హోరు గట్టిగానే ఉంటుంది. పెద్దగా పాటలు పెట్టుకున్నవాళ్లకు నల్లమల మాట వినపడదన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఎవరి ఇష్టం వారిది. పాటలు అక్కర్లేనివాళ్లు ముందు వైపు కూర్చుంటే చూసేందుకు చాలా ఉంది.

సోమశిల వదిలిన కొంతసేపటి దాకా నీళ్లు చెరువులా పరుచుకుని ఉంటాయి. అమరగిరి, చీమల తిప్ప చుట్టుపక్కల జాలర్ల గుడిసెలు, ఆరబెట్టిన వలలు కనపడతాయి. వలల సైజు గురించి ఇక్కడ గొడవలున్నాయి. సన్న కన్నుల అలివి వలలతో చేపపిల్లలను కూడా ఊడ్చేస్తున్నారని పుట్టి వేసుకుని బతికే స్థానికుల ఫిర్యాదు. తర్వాత కొండలు దగ్గరకొస్తాయి. రెండు వైపులా ఎర్రరాతి అరలు అరలుగా లేచిన గుట్టలు, వాటి మీద అడవి. ఎడమ వైపు అమ్రాబాద్ పులుల అభయారణ్యం, కుడి వైపు ఆంధ్రప్రదేశ్ నల్లమల. చెంచులు తరతరాలుగా బతికిన అడవి ఇది. దుర్భిణి ఉంటే నీటి అంచున కొంగలు, నీటికాకులు, అదృష్టం బాగుంటే నీటికుక్కలు కనపడతాయి.

శ్రీశైలం దగ్గరికొస్తుండగా అక్కమహాదేవి గుహలు వస్తాయి. 12వ శతాబ్దపు కన్నడ వచన కవయిత్రి అక్కమహాదేవి ఇక్కడ తపస్సు చేసిందని నమ్మకం. లాంచీ అక్కడ ఆగుతుందా లేదా అన్నది ఆ రోజు ఏర్పాటును బట్టి ఉంటుంది, ఆగకపోతే శ్రీశైలం నుంచి వేరే పడవలో రావచ్చు. దిగినవాళ్లు కొంత ఎక్కాలి. గుహ ముందు సహజంగా ఏర్పడిన పెద్ద రాతి తోరణం ఉంది. లోపలికి పోయేకొద్దీ దారి ఇరుకవుతుంది, చివర శివలింగం దగ్గరకు వంగి ఒకరి వెనక ఒకరు పోవాలి. ఉబ్బసం ఉన్నవాళ్లు, ఇరుకు చోటంటే భయమున్నవాళ్లు తోరణం దగ్గరే కూర్చుంటే చాలు. టార్చిలైటు తప్పనిసరి. నల్లమల కొండ చరియలకు తేనెపట్లు వేలాడుతుంటాయి. అగ్గిపుల్ల గీయడం, రాయి విసరడం, ఘాటైన సెంటు రాసుకుని రావడం అక్కడ చేయకూడదు.

భోజనం లాంచీలోనే పెడతారు. అయినా సోమశిల రేవు పేరు చెబితే పాలమూరు జనానికి గుర్తొచ్చేది వేయించిన చేప. జాలర్లు పట్టుకొచ్చిన చేపను ఉప్పు, కారం పట్టించి అక్కడే పెనం మీద వేస్తారు. నూనె బొట్టు కారుతుండగా విస్తరిలో పెడితే ముల్లు ఏరుకునే ఓపిక ఉన్నవాళ్లదే అదృష్టం. ముందు రోజు రాత్రి సోమశిల కాటేజీల్లో దిగినవాళ్లు ఈ పని రాత్రే ముగించుకోవడం మంచిది. పొద్దున్నే చేప తిని లాంచీ ఎక్కితే పైన చెప్పిన అవోమిన్ మాత్ర కూడా కాపాడదు. శ్రీశైలంలో దర్శనం ఉంది కాబట్టి కొందరు ఆ రోజు మాంసం ముట్టరు కూడా.

మద్యం తెచ్చుకోవడం నిషేధం. రెయిలింగ్ మీద కూర్చుని సెల్ఫీలు తీసుకోవడం, తాగినవాడు అంచున నిలబడటం ఏ వరదకన్నా తక్కువ ప్రమాదం కాదు. ప్లాస్టిక్ కవర్లు అడవిలోకి విసిరితే అటవీ శాఖ జరిమానా ఉంటుంది, నీళ్లలోకి విసిరితే అడిగేవాళ్లు లేరు. అక్కడే మన సంస్కారం తెలుస్తుంది.

దిగాక పాతాళగంగ నుంచి గుడి దాకా మెట్లున్నాయి, రోప్‌వే ఉంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మెట్ల మాట మరవాలి. ఒక వైపు టికెట్ తీసుకున్నవాళ్లు తిరుగు దారి ముందే లెక్క వేసుకోవాలి. హైదరాబాద్ రోడ్డు పులుల అభయారణ్యంలోంచి పోతుంది కాబట్టి మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లను వదలరు. దర్శనం ఆలస్యమైందంటే ఆ రాత్రి శ్రీశైలంలోనే.

సముద్రం మీద వెళ్లేవాళ్లకు

కృష్ణ మీద అలవాటైనవాళ్లకు సముద్రపు ఓడ మీద మనసు పోవడం సహజం. తెలుగువాళ్లకు దగ్గరి రేవు విశాఖపట్నం. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థ ఎంప్రెస్ అనే ఓడను అక్కడ నుంచి పుదుచ్చేరి, చెన్నైలకు నడిపింది. 2023 సెప్టెంబరులో దాదాపు 96 కోట్ల రూపాయలతో కట్టిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్‌ను ప్రారంభించారు.

సముద్రపు ఓడల భద్రతకు పునాది టైటానిక్ మునక. 1912లో అది పోయాక, 1914లో సోలాస్ అనే అంతర్జాతీయ ఒప్పందం పుట్టింది. 2012 జనవరిలో ఇటలీ తీరాన కోస్టా కాంకోర్డియా బండకు కొట్టుకుని 32 మంది పోయాక, ప్రయాణికులకు కసరత్తు ఓడ బయల్దేరేముందో, బయల్దేరిన వెంటనేనో జరిగి తీరాలని నియమం బిగించారు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినపడితే అది ప్రమాద సూచన. ఎక్కిన రోజు గది నుంచి తమకు కేటాయించిన చోటికి ఒకసారి నడిచి వెళ్లి రావాలి. ఓడ మీద ఎక్కువగా పాకే జబ్బు నోరోవైరస్. వాంతులు, విరేచనాలు పట్టిస్తుంది, శానిటైజర్‌కు అంతగా లొంగదు. సబ్బుతో చేతులు కడుక్కోవడమే మార్గం. ఓడ మీది వైద్యం ఖరీదు ఎక్కువ, కాబట్టి విదేశీ ప్రయాణానికి బీమా, పాస్‌పోర్టు, దేశంలో తిరిగేదానికి ఆధార్ దగ్గరుంచుకోవాలి. అమెరికా నుంచి పిల్లలు టికెట్లు కొని పంపిన అమ్మానాన్నలు ఆహారం సంగతి టికెట్ కొన్న రోజే రాయించుకోవాలి, ఓడెక్కాక శాకాహారం కోసం వెతుక్కుంటే దొరికేవి పండ్లే కావచ్చు.

రాబోయే మార్పులు

2022లో కేంద్రం సోమశిల – సిద్ధేశ్వరం మధ్య, కల్వకుర్తి – నంద్యాల జాతీయ రహదారి మీద, వెయ్యి కోట్లకు పైగా ఖర్చుతో తీగల వంతెనకు ఆమోదం తెలిపింది. 2024లో సోమశిల, అమరగిరి, ఈగలపెంటల అభివృద్ధికి మరో 68 కోట్ల రూపాయల పర్యాటక ప్రాజెక్టు మంజూరైంది. వంతెన వచ్చాక మోటార్ సైకిల్ ఎక్కించుకుని నది దాటించే మరబోట్లకు పని తగ్గుతుంది, రేవు విహారానికే మిగులుతుంది. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకు సోమశిల ఘాట్లు ఎలా కిక్కిరిశాయో కొల్లాపూర్ చూసింది. మళ్లీ పుష్కరాలు 2028లో. పుష్కరాలు వచ్చేది వరద నెలలోనే కాబట్టి, అప్పటికి వంతెన సిద్ధమైందా లేదా అన్నదాన్ని బట్టి ఎంతమంది పడవెక్కుతారో తేలుతుంది.